ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రాతో కన్‌చెర్టో వాయించాలంటే ఏం చేయాలి?

చిన్నప్పుడు పియానో నేర్చుకుని, తర్వాత చదువు, ఉద్యోగం, పిల్లలు అంటూ దానికి దూరమై, ముప్పై అయిదో నలభయ్యో వచ్చాక మళ్లీ వాద్యం ముందు కూర్చున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఇంట్లో ఒక్కరే వాయించుకోవడం హాయిగానే ఉంటుంది. కానీ చుట్టూ నలభై, యాభై మంది వాయిస్తుంటే మధ్యలో మీ పియానో ఎలా పలుకుతుందో ఒక్కసారైనా తెలుసుకోవాలనిపిస్తే, అది తీరని కోరికేమీ కాదు. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు పెద్ద పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలతో కన్‌చెర్టోలు (ఒక వాద్యం ముందుండి, ఆర్కెస్ట్రాతో కలిసి సాగే రచనలు) వాయిస్తూనే ఉన్నారు.

ఇందులో కొత్తేమీ లేదు కూడా. మోజార్ట్ 1776లో ల్యుట్సో ప్రభువు భార్య కోసం ఒక కన్‌చెర్టో రాశాడు (కె. 246; కె. అంటే మోజార్ట్ రచనల జాబితాలో నంబరు). అదే ఏడాది లోడ్రోన్ ప్రభువు భార్యకూ, ఆమె ఇద్దరు కూతుళ్లకూ కలిపి మూడు పియానోల కన్‌చెర్టో (కె. 242) రాసిచ్చాడు. చిన్నమ్మాయికి అంతగా చెయ్యి తిరగలేదని మూడో పియానో భాగాన్ని తేలిగ్గా ఉంచాడు. సంగీతం వృత్తి కానివాళ్ల కోసమే పుట్టిన రచనలివి.

ముందుగా ఒక్క మాట చెప్పాలి, కింద రాసినదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఆర్కెస్ట్రాతో మీకు దొరికే సమయం చాలా తక్కువ. మామూలుగా ఒక రిహార్సల్, ఆ తర్వాత ఒక జనరల్ రిహార్సల్ (కచేరీలాగే మొత్తం వాయించి చూసుకోవడం), అంతే. రెండూ కలిపినా గంటా గంటన్నర మించకపోవచ్చు. ఆ గంట కోసం మీరు ఏడాది సాధన చేస్తారు. ఆ ఏడాదిలో సగం సమయం మీ భాగం మీద పెట్టండి, మిగతా సగం వాళ్ల భాగం మీద. ఈ రెండో సగాన్ని వదిలేసినవాళ్లే స్టేజీ మీద ఇబ్బంది పడతారు. వేళ్లు ఎంత బాగా ఆడినా సరే.

1. దారి వెతుక్కోండి

మొదటి దారి పోటీలు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఫోర్ట్‌వర్త్‌లో క్లైబర్న్ సంస్థ 1999 నుంచి అమెచ్యూర్ పియానిస్టులకు అంతర్జాతీయ పోటీ నడుపుతోంది. 35 ఏళ్లు నిండి ఉండాలి, పియానో వాయించడమో నేర్పడమో మీ ప్రధాన జీవనాధారం కాకూడదు. ఇటీవలి పోటీల్లో ఫైనల్‌కు చేరినవాళ్లు ఫోర్ట్‌వర్త్ సింఫనీతో కలిసి వాయించారు. డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు అది పక్క ఊరే. పాల్గొనకపోయినా టికెట్ కొనుక్కుని వెళ్లి ఫైనల్ చూసి రండి. మీలాంటివాళ్లు ఆర్కెస్ట్రా మధ్యలో ఎలా నెట్టుకొస్తారో కళ్లారా చూస్తే పది పాఠాల పెట్టు. పారిస్‌లోనూ 1989లో ఇలాంటి పోటీ మొదలైంది. మొదలుపెట్టిన జెరార్ బెకర్మాన్ ఆర్థికశాస్త్రం చెప్పే ప్రొఫెసర్.

రెండో దారి ఆర్కెస్ట్రాలూ, సమ్మర్ స్కూళ్లూ నడిపే కార్యక్రమాలు. ఫీజు కడితే కొన్నిచోట్ల సోలోయిస్ట్‌గా (ఆర్కెస్ట్రా ముందు ప్రధాన భాగం వాయించేవారిగా) వాయించే అవకాశం ఇస్తారు, కొన్నిచోట్ల ఆర్కెస్ట్రా లోపలే వృత్తి కళాకారుల పక్కన కూర్చోనిస్తారు. బాల్టిమోర్ సింఫనీ 2010లో, మారిన్ ఆల్సప్ దానికి సంగీత సారథిగా ఉన్న రోజుల్లో, ఈ రెండో పద్ధతి మొదలుపెట్టింది. మీరు వయొలిన్, చెల్లో, క్లారినెట్ లాంటివి వాయించేవారైతే ముందు ఇలా లోపల కూర్చుని చూడండి. సోలోయిస్ట్ ఎలా వాయిస్తే వెనకున్నవాళ్లకు సులువో అక్కడే అర్థమవుతుంది.

మూడో దారి డబ్బు పెట్టి ఆర్కెస్ట్రాను మాట్లాడుకోవడం. గిల్బర్ట్ కప్లాన్ అనే పత్రికాధిపతి స్వరకర్త మాలర్ రెండో సింఫనీ మీద ప్రేమతో నడివయసులో కండక్టింగ్ (చేతికర్రతో ఆర్కెస్ట్రాను నడిపించడం) నేర్చుకున్నాడు. 1982లో న్యూయార్క్‌లో అమెరికన్ సింఫనీ ఆర్కెస్ట్రాను మాట్లాడుకుని, ఆ సింఫనీని తానే నడిపించాడు. అంత స్తోమత అందరికీ ఉండదు గానీ, చిన్న ఆర్కెస్ట్రాలు ఒక సెషన్‌కు ఒప్పుకోవడం మామూలే.

ఫీజు కట్టేముందు కొన్ని సంగతులు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. రిహార్సల్ ఎన్ని నిమిషాలు? ఎంతమంది వాయిస్తారు, అందులో వయొలిన్లు ఎన్ని? కండక్టర్ ఎవరు? ప్రేక్షకుల ముందు కచేరీయా, ఊరికే కాగితం చూస్తూ ఒకసారి వాయించుకుంటూ పోవడమేనా? పియానో ఏ సైజుది, ఆ రోజు ట్యూనింగ్ చేయిస్తారా? స్కోరు (స్వరలిపి ప్రతులు) అద్దె ఎవరిది? రికార్డింగ్ ఇస్తారా, దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చా? చాలా ఆర్కెస్ట్రాల్లో కళాకారుల ఒప్పుకోలు లేకుండా వీడియో పెట్టడం కుదరదు. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పనివాళ్లకు డబ్బు కట్టకండి.

ఇక మన దగ్గర. దేశంలో పూర్తిస్థాయి ప్రొఫెషనల్ సింఫనీ ఆర్కెస్ట్రా అంటే ముంబయిలో ఎన్‌సీపీఏ (జాతీయ ప్రదర్శన కళల కేంద్రం) కేంద్రంగా 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియానే. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండేవాళ్లకు నేను చెప్పే దారి వేరు. మోజార్ట్ 1783 జనవరిలో వియన్నా పత్రికలో ఒక ప్రకటన వేయించాడు. తన మూడు కొత్త కన్‌చెర్టోలను (కె. 413, 414, 415) పూర్తి ఆర్కెస్ట్రాతోనూ వాయించవచ్చు, కేవలం రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లోతోనూ వాయించవచ్చు అని. అంటే నలుగురు వృత్తి కళాకారులు దొరికితే చాలు, కన్‌చెర్టో నిక్షేపంగా పలుకుతుంది. చెన్నై నుంచో బెంగళూరు నుంచో ముంబయి నుంచో నలుగురిని పిలిపించుకోవడం యాభై మందిని కూడగట్టడం కన్నా ఎంతో సులువు. మొదటిసారి వాయించేవాళ్లకు నా దృష్టిలో కె. 414ను మించింది లేదు.

2. మీ స్థాయి కన్నా ఒక మెట్టు కింది రచన ఎంచుకోండి

అందరూ రాఖ్మానినోవ్ రెండో కన్‌చెర్టో వాయించాలనే కలగంటారు. అది వేళ్లకు ఎంత కష్టమో అందరికీ తెలుసు, చెవికి ఎంత కష్టమో చాలామందికి తెలియదు. మొదట్లో పియానో ఒంటరిగా గంటల్లా మోగే స్వరాలతో మొదలవుతుంది. అవి అయిపోగానే అసలు రాగం వయొలిన్ల చేతికి వెళ్లిపోతుంది, పియానో కింద అలల్లా పరుగెత్తుతూ తోడు మాత్రమే ఇస్తుంది. ఎంత గట్టిగా వాయించినా అక్కడ ఆర్కెస్ట్రా మిమ్మల్ని ముంచేస్తుంది, మీ చేతుల శబ్దం మీకే వినపడదు. వృత్తి పియానిస్టులకే అక్కడ చెమటలు పడతాయి.

షూమన్ ఎ మైనర్ కన్‌చెర్టో చూడ్డానికి చేతికి అందేలా ఉంటుంది. దాని చివరి భాగంలో ఒకచోట లెక్క మూడులోనే నడుస్తుంటుంది, చెవికి మాత్రం రెండులా వినిపిస్తుంది. ఆ చోటంటే కండక్టర్లకే గుండె దడ. రిహార్సల్ సమయం ఇంత తక్కువ ఉన్నప్పుడు అలాంటిది పెట్టుకోవద్దు.

పియానో పరీక్షల్లో ఎయిత్ గ్రేడ్ పూర్తిచేసి, చెయ్యి ఇంకా ఆడుతున్నవాళ్లకు హైడ్న్ డి మేజర్ (రెండు ఒబోలు, రెండు హార్న్‌లు, తీగవాద్యాలు చాలు), బాఖ్ ఎఫ్ మైనర్ (తీగవాద్యాలు మాత్రమే), మోజార్ట్ కె. 414 సరిపోతాయి. ఇంకాస్త పట్టున్నవాళ్లకు మోజార్ట్ కె. 488, బీతోవెన్ మొదటిది, షోస్టకోవిచ్ రెండోది. షోస్టకోవిచ్ దాన్ని 1957లో కొడుకు మక్సీమ్ పంతొమ్మిదో పుట్టినరోజుకు రాశాడు, కుర్రాడి చేతులకు తగ్గట్టే ఉంటుంది. కాకపోతే కాపీరైట్ ఉంది కాబట్టి స్కోర్లు అద్దెకు తెచ్చుకోవాలి. మూడు భాగాలూ వాయించి తీరాలన్న నియమం ఏమీ లేదు. ఒక్క భాగమే బాగా వాయిస్తానంటే సంతోషంగా ఒప్పుకునే కండక్టర్లున్నారు.

ఇక్కణ్నుంచి ఉదాహరణగా కె. 488నే తీసుకుంటాను. మోజార్ట్ దాన్ని 1786 మార్చిలో పూర్తిచేశాడు. ఒక ఫ్లూట్, రెండు క్లారినెట్లు, రెండు బసూన్లు, రెండు హార్న్‌లు, తీగవాద్యాలు. ట్రంపెట్లూ టింపనీలూ (పెద్ద డ్రమ్ములు) లేవు కాబట్టి పియానో మునిగిపోదు. అమెచ్యూర్‌కు ఇంతకన్నా దయగల ఆర్కెస్ట్రా ఏముంటుంది!

3. వాళ్ల దగ్గరున్న స్కోరే మీ దగ్గరా ఉండాలి

ఆర్కెస్ట్రా ఏ ఎడిషన్ వాడుతోందో ముందే కనుక్కుని అదే కొనుక్కోండి. బార్ (తాళంలో ఒక ఆవర్తం లాంటి చిన్న కొలత) నంబర్లు, రిహార్సల్ అక్షరాలు (చోటు గుర్తుకు స్కోరులో వేసే అక్షరాలు) కలవకపోతే ఉన్న ఆ గంటలో పది నిమిషాలు ‘ఎక్కడి నుంచి? ఎక్కడి నుంచి?’ అనుకోవడంలోనే పోతాయి. కె. 488 రెండో భాగానికి మోజార్ట్ ‘అడాజియో’ (బాగా నెమ్మదిగా) అని రాశాడు, కొన్ని పాత ప్రతుల్లో ‘అండాంటే’ (నడక వేగంలో) అని అచ్చయింది. మీ కాగితం మీద ఒకటి, కండక్టర్ కాగితం మీద ఇంకొకటి ఉంటే వేగం దగ్గరే పేచీ వస్తుంది.

మీకు రెండు పుస్తకాలు కావాలి: ఆర్కెస్ట్రా భాగాన్ని రెండో పియానోకు కుదించిన ప్రతి, పూర్తి స్కోరు. మోజార్ట్ అయితే పూర్తి స్కోరును సాల్జ్‌బర్గ్‌లోని మోజార్టేయుమ్ వాళ్లు ఆన్‌లైన్‌లో ఉచితంగానే పెట్టారు.

4. ఆర్కెస్ట్రా భాగాన్ని నేర్చుకోండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

పూర్తి స్కోరు ముందు పెట్టుకుని, మూడు రంగుల పెన్సిళ్లు తీసుకోండి. మీరు వాయిస్తున్నప్పుడు అసలు రాగం ఎవరి దగ్గరుందో గుర్తు పెట్టండి. మీ దగ్గరుంటే ఒక రంగు. క్లారినెట్ దగ్గరో వయొలిన్ల దగ్గరో ఉండి మీరు తోడు ఇస్తుంటే ఇంకో రంగు. ఇద్దరూ కలిసి ఒకే చోట దిగాల్సిన బార్లకు మూడో రంగు. ఈ మూడో రంగున్న చోట్లే ప్రమాదకరమైనవి. రిహార్సల్లో మొదట అడగాల్సినవీ అవే. ఇరవై ఆరు నిమిషాల కన్‌చెర్టోలో అవి పది పన్నెండుకు మించి ఉండవు. వాటి బార్ నంబర్లు ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి.

తర్వాత పాడండి. సిగ్గుపడకుండా గొంతెత్తి పాడండి. కె. 488 మొదటి భాగంలో పియానో 67వ బార్లో వస్తుంది. అంతకు ముందు 66 బార్లు ఆర్కెస్ట్రాదే. ఆ 66 బార్లూ మీకు మొదటి వయొలిన్ రాగం పాడుకోవడం రావాలి. కింద బేస్ ఎటు కదులుతోందో ఎడమచేత్తో వాయించడమూ రావాలి. అప్పుడు మీరు లెక్కపెట్టాల్సిన పనే ఉండదు. ఎందుకంటే మీరు వచ్చీరాగానే వాయించేది మొదట్లో వయొలిన్లు వాయించిన రాగమే. ఆ 66 బార్లు విననివారి మొదటి స్వరం ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు ఉంటుంది. విన్నవారిది మాట అందుకున్నట్టు ఉంటుంది. కూర్చున్న ప్రేక్షకులకు ఈ తేడా మొదటి క్షణంలోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు వేగం ఎవరి చేతుల్లో ఉందో చూడండి. మొదటి భాగంలో వేగం కండక్టర్‌ది, మీరు అందులోకి దిగాలి. రెండో భాగం పియానో ఒంటరిగా మొదలుపెడుతుంది, ఆ వేగం మీది. మూడో భాగం కూడా మీరే మొదలుపెడతారు, వెంటనే ఆర్కెస్ట్రా ఆ రాగాన్నే అందుకుంటుంది. కాబట్టి మూడో భాగాన్ని మీరు టెన్షన్లో పది శాతం ఎక్కువ వేగంతో మొదలుపెట్టారంటే, వాళ్లు అదే వేగంతో వాయిస్తారు. ఆ తర్వాత వచ్చే పరుగులన్నీ ఆ వేగంలోనే మీరు వాయించాలి! అందుకే మూడో భాగంలో మీకు అన్నిటికన్నా కష్టమైన నాలుగు బార్లను ముందు మనసులో పాడుకుని, ఆ వేగంతో మొదలుపెట్టడం అలవాటు చేసుకోండి. రోజూ సాధన మొదలుపెట్టేటప్పుడు ఇలా ఒకసారి చేస్తే కచేరీ నాటికి అది ఒంట్లోకి ఎక్కుతుంది.

రెండో భాగం చివర్లో ఒక చోటుంది. పియానో ఒక్కో స్వరంగా, పైకీ కిందకీ పెద్ద పెద్ద అంగలు వేస్తుంటే, తీగవాద్యాలవాళ్లు బౌ (కమాను) పక్కన పెట్టి వేళ్లతో మీటుతుంటారు. మీరు అక్కడ భావావేశంతో ప్రతి స్వరాన్నీ సాగదీస్తే, మీటే స్వరం ఎక్కడ వేయాలో పాపం వాళ్లకు తెలియదు. బౌతో వాయించే స్వరాన్ని కాస్త ముందో వెనకో సర్దుకోవచ్చు. మీటిన స్వరాన్ని సర్దలేరు, అది టక్కున పడిపోతుంది. అక్కడ సమంగా నడవండి. అందం ఆ నడకలోనే ఉంది.

మెట్రోనోమ్‌ను (వేగం లెక్క చూపే పరికరాన్ని) ప్రతి మాత్రకూ మోగనివ్వకుండా బార్‌కు ఒక్కసారి, తర్వాత రెండు బార్లకు ఒక్కసారి మోగేలా పెట్టుకుని వాయించండి. మధ్యలో లెక్క మీలోనే ఉందో లేదో తేలిపోతుంది. ఒకే రికార్డింగ్ పదే పదే వినకండి. వేర్వేరు వేగాల్లో ఉన్న మూడు నాలుగింటిని మార్చి మార్చి వినండి, లేకపోతే ఒకరి అలవాట్లు మీకు అంటుకుని, మీ కండక్టర్ వేరేలా నడిపిస్తే తికమక పడతారు.

5. రెండో పియానోతో, ఆపకుండా

మంచి పియానిస్టును ఒకరిని చూసుకుని, ఫీజు ఇచ్చి, ఆర్కెస్ట్రా భాగాన్ని వాళ్లతో వాయించుకోండి. ఈ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడొద్దు. ‘నా కోసం ఆగొద్దు, నేను తప్పితే మీరు వెళ్లిపోండి’ అని మొదటి రోజే చెప్పండి. స్నేహితులు మొహమాటానికి ఆగుతారు, దానివల్ల మీకే నష్టం. మన కచేరీల్లో మృదంగం వాయించేవారు గాయకుడి పెదవులు చూసి పట్టుకుంటారు, ఒక ఆవర్తం అటూ ఇటూ అయినా సర్దేస్తారు. యాభై మంది కండక్టర్ చేతిలోని ఒక కర్రను చూస్తూ వాయించే చోట ఆ వెసులుబాటు కొద్దిగానే ఉంటుంది.

మనిషి దొరకని రోజుల్లో సోలో భాగం లేని రికార్డింగులు వాడండి. మ్యూజిక్ మైనస్ వన్ సంస్థ 1950 నుంచి ఇవి తయారుచేస్తోంది. ఫోన్లో మెట్రోనాట్ లాంటి యాప్‌లూ ఉన్నాయి. రోజువారీ సాధనకు బాగుంటాయి గానీ, పక్కన మనిషి ఊపిరి వింటూ వాయించడానికి అవి సాటిరావు.

దారి తప్పితే తిరిగి చేరుకునే చోట్లు ముందే పెట్టుకోండి. ప్రతి ఎనిమిది, పది బార్లకూ ఒకటి. రెండో పియానిస్టు ఆర్కెస్ట్రా భాగాన్ని వాయిస్తూ వాయిస్తూ ‘198!’ అని కేకేస్తే, మీరు ఉన్నచోటు వదిలేసి అక్కడ దిగాలి. మొదట్లో కష్టంగా ఉంటుంది. నెల రోజులు చేస్తే స్టేజీ భయం సగం పోతుంది, ఎందుకంటే భయం అంతా ‘మధ్యలో మర్చిపోతే ఎలా’ అన్నదే కదా.

కాగితం చూసి వాయించడం చిన్నతనమేమీ కాదు. చూడకుండా వాయించడం ఆనవాయితీ అయింది లిస్ట్, క్లారా షూమన్ల కాలం నుంచే. అంత గొప్ప పియానిస్టు రిఖ్టర్ చివరి రోజుల్లో స్కోరు ముందు పెట్టుకునే వాయించేవాడు. పుటలు తిప్పడానికి మనిషినో, కాలితో నొక్కే పెడల్ ఉన్న టాబ్లెట్‌నో ఏర్పాటు చేసుకోండి. ఆ పెడల్‌తో రెండు మూడు నెలల ముందు నుంచే సాధన చేయండి.

వయొలిన్ వాళ్లకు ఒక మాట. కర్ణాటక పద్ధతిలో నేర్చుకుని తర్వాత పాశ్చాత్య పద్ధతిలోకి వచ్చినవారైతే, నిలబడి గంటసేపు వాయించే అలవాటు ముందు నుంచే చేసుకోండి. యూరప్‌లో చాలా ఆర్కెస్ట్రాలు శ్రుతికి ఆధారమైన ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్‌కి కాకుండా 442, 443కి పెట్టుకుంటాయి. ఆ శ్రుతిలో కొన్ని వారాలు సాధన చేసి వెళ్తే చెవి తడబడదు.

6. కండక్టర్‌ను ముందే కలవండి

రిహార్సల్‌కు ముందు అరగంట దొరికినా చాలు. దొరక్కపోతే వీడియో కాల్లో అయినా సరే. ఒక పేజీ కాగితం పంపండి: ఒక్కో భాగానికి మీ మెట్రోనోమ్ వేగం, ఏ కెడెన్జా (ఆర్కెస్ట్రా ఆగిపోయి సోలోయిస్ట్ ఒక్కరే వాయించే ఘట్టం) వాయిస్తున్నారు, నెమ్మదించే చోట్ల బార్ నంబర్లు, ఎక్కడైనా కత్తిరింపులు ఉంటే అవి. కె. 488 మొదటి భాగానికి మోజార్ట్ రాసిన కెడెన్జానే ఉంది కాబట్టి అక్కడ గొడవ లేదు. కెడెన్జా చివర ట్రిల్ (పక్కపక్క రెండు స్వరాలను గబగబా మార్చి మార్చి పలికించడం) ఎంతసేపు సాగుతుందో, ఎక్కడ తల ఊపుతారో మాత్రం కచ్చితంగా మాట్లాడుకోండి. ఆర్కెస్ట్రా మొత్తం వాద్యాలు ఎత్తి పట్టుకుని ఆ ట్రిల్ కోసమే చూస్తుంటుంది.

మీకు బలహీనమైన చోట్లేవో దాచకుండా చెప్పండి. ‘ఇక్కడ నేను కాస్త వేగం పెంచేస్తుంటాను’ అని ముందే తెలిస్తే కండక్టర్ అక్కడ మీ మీద కన్నేసి ఉంచుతారు.

7. రిహార్సల్

అరగంట ముందే వెళ్లి స్టూలు ఎత్తు సరిచేసుకోండి. శ్రుతి చేసుకునేటప్పుడు కాన్సర్ట్‌మాస్టర్ (మొదటి వయొలిన్ల నాయకుడు) వచ్చి మీ పియానో మీదే ఎ మీట నొక్కుతారు. చేతులు తీసి చోటివ్వండి.

ఎవరెవరు ఎక్కడుంటారో ముందే ఊహించుకోండి. మీ కుడి భుజం ప్రేక్షకుల వైపు ఉంటుంది, కండక్టర్ మీకు ఎడమవైపు, పియానోకు అవతల నిలబడతారు. మొదటి వయొలిన్లు మీ ఎడమ భుజానికి దగ్గర్లో ఉంటాయి. పియానో మూత పూర్తిగా ఎత్తి ఉంటుంది కాబట్టి అవతలివాళ్లలో కొందరు మీకు కనిపించరు. అన్నిటికన్నా అక్కరకొచ్చేది కాన్సర్ట్‌మాస్టర్ బౌ. కండక్టర్ కర్ర అర్థంకాని క్షణంలో ఆ బౌ కదలిక చూస్తే స్వరం ఎప్పుడు పడుతుందో తెలిసిపోతుంది.

ఇంట్లో ఎంత సాధన చేసినా తెలియని సంగతి ఒకటి ఇక్కడ ఎదురవుతుంది. శబ్దం ఒక మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. పది మీటర్ల వెనక కూర్చున్న హార్న్ శబ్దం మీ చెవికి 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. దానికి తోడు చాలా ఆర్కెస్ట్రాలు కర్ర కిందికి పడ్డాక ఒక క్షణం ఆగి స్వరం పలికిస్తాయి. వాళ్ల శబ్దం విని దానితో కలుద్దామని చూశారంటే మీరు ఆలస్యమవుతారు, మిమ్మల్ని విని వాళ్లు ఇంకా ఆలస్యమవుతారు, రెండు పేజీలు తిరిగేసరికి సంగీతం ఈడ్చుకుంటూ నడుస్తుంటుంది. కాబట్టి చెవిని నమ్ముకుని ఆగకండి. కళ్లతో కర్రను పట్టుకుని, మీలోని లెక్కతో ముందుకు వెళ్లండి. ఆర్కెస్ట్రా కాస్త వెనకబడ్డట్టు వినిపించినా, హాల్లో కూర్చున్నవాళ్లకు చాలావరకు కలిసే వినిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే తెలిసినవారిని హాలు మధ్యలో కూర్చోబెట్టి అడగండి.

మొదటిసారి ఏం జరిగినా ఆపకుండా చివరిదాకా వెళ్లండి. మీ స్వరం తప్పినందుకు ఆపొద్దు, సారీ చెప్పొద్దు, మొహం చిట్లించొద్దు. వాళ్లు ఎన్నో తప్పులు విన్నవాళ్లు, ఎవరూ లెక్కపెట్టరు. వాళ్లకు ఇబ్బంది కలిగించేది ఒక్కటే: మీరు ఎటు వెళ్తున్నారో తెలియకపోవడం. స్వరం తప్పినా లెక్క తప్పకుండా వాయించే సోలోయిస్ట్ అంటే ఆర్కెస్ట్రావాళ్లకు గౌరవం. ఆ తర్వాత మీ చీటీ తీసి, కలిసి దిగాల్సిన చోట్లను బార్ నంబర్లతో కండక్టర్‌కే చెప్పండి. ‘క్లారినెట్ గారూ, కాస్త మెల్లగా’ అని వాయించేవారితో నేరుగా అనకూడదు, అది వాళ్ల మర్యాద. విరామం సమయం ఒప్పందంలో ఉంటుంది, ఆ నిమిషం రాగానే లేచి వెళ్లిపోతారు. నొచ్చుకోకండి.

పియానోను ఇంట్లో వాయించినంత మెత్తగా వాయిస్తే పదో వరుసకు వినపడదు. స్కోరులో ‘పియానో’ (మెల్లగా) అని ఉన్నచోట కూడా రాగం పలికే వేలికి కాస్త బరువివ్వండి, పెడల్ తగ్గించండి.

8. కచేరీ రోజు

పొద్దున నెమ్మదిగా ఒకసారి వాయించుకుని మూత వేసేయండి. కొత్త బట్టలు, కొత్త బూట్లు ఆ రోజు మొదటిసారి వేసుకోవద్దు. చీర కట్టుకునేవారు పమిట భుజం దగ్గర గట్టిగా పిన్ను పెట్టుకుని, అదే చీరతో ముందే ఒక పూట వాయించి చూసుకోండి, పెడల్ దగ్గర కుచ్చిళ్లు అడ్డం వస్తాయేమో తెలుస్తుంది. ఏసీ హాళ్లలో చేతులు గడ్డకడతాయి. ఫ్లాస్కులో వేడినీళ్లు, ఉన్ని గ్లవుజులు పెట్టుకోండి.

చేతులు వణకకుండా ప్రొప్రనొలాల్ లాంటి మాత్రలు వేసుకునే కళాకారులు ఉన్నారు. ఎవరో చెప్పారని మీరు వేసుకోవద్దు. ఉబ్బసం ఉన్నవారికి అవి ప్రమాదం. కావాలనుకుంటే డాక్టర్‌ను అడిగి, కచేరీకి చాలా ముందే ఒక మామూలు రోజున ప్రయత్నించి చూసుకోవాలి.

స్టేజీ మీదకు మీరు ముందు నడుస్తారు, కండక్టర్ వెనక వస్తారు. కాన్సర్ట్‌మాస్టర్‌తో చెయ్యి కలపండి, ప్రేక్షకులకు నమస్కరించండి, కూర్చోండి. స్టూలు సరిచూసుకుని, చేతులు తుడుచుకుని, సిద్ధమయ్యాకే కండక్టర్ వైపు చూసి తలూపండి. మీరు తలూపేదాకా ఎవరూ మొదలుపెట్టరు, తొందరేమీ లేదు. ఆ 66 బార్లు ఖాళీగా కూర్చోకుండా వినండి, లోలోపల పాడుకోండి. మొదటి భాగం అవగానే ఎవరైనా చప్పట్లు కొడితే చిరునవ్వుతో తలవంచండి. రెండో భాగం మొదలుపెట్టేది మీరే కాబట్టి, హాలు నిశ్శబ్దమయ్యాక మీకు నచ్చినంతసేపు ఆగవచ్చు.

అయిపోగానే కండక్టర్‌తో, కాన్సర్ట్‌మాస్టర్‌తో మళ్లీ చెయ్యి కలపండి. చప్పట్లలో ఆర్కెస్ట్రా వైపు చెయ్యి చూపించండి. కె. 488 అయితే రెండో భాగంలో మీతో కలిసి పాడిన క్లారినెట్, ఫ్లూట్, బసూన్ వాయించినవారిని లేపమని కండక్టర్‌ను ముందే అడిగి పెట్టుకోవచ్చు.

9. తర్వాత

రికార్డింగ్ చేతికి రాగానే వినకండి. రెండు మూడు వారాలు ఆగి, స్కోరు ముందు పెట్టుకుని వినండి. అప్పుడు తప్పిన స్వరాల మీద కాకుండా, మూడో రంగు పెట్టుకున్న చోట్ల మీద ధ్యాస పెట్టండి. ఎక్కడ కలిశారు, ఎక్కడ ముందున్నారు, ఎక్కడ వెనకబడ్డారు అని అదే స్కోరు మీద తేదీ వేసి రాసుకోండి. కండక్టర్‌కూ, రెండో పియానో వాయించిన మనిషికీ ఉత్తరం రాయండి. మళ్లీ వాయించాలని ఉంటే ఆ ఉత్తరంలోనే అడగండి. వచ్చే సీజన్ల కార్యక్రమాలు చాలా ముందే ఖరారవుతాయి కాబట్టి ఆలస్యం చేయొద్దు.